డిక్కీలో పట్టే ఊరు

క్యాన్సస్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. సెలవొస్తే యార్డు గోడ మీద కూర్చుని షంటింగ్ చూడటమే ఆట. ఉద్యోగం మీద అమెరికా వెళ్లి ఏడేళ్లయింది, ఈ ఏడేళ్లలో నాలుగిళ్లు మారారు. రెండో ఇంట్లో ఉండగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద హెచ్‌వో స్కేలులో (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు కట్టారు. ఇల్లు మారే రోజున అది మెట్ల మలుపులో తిరగలేదు. అక్కడికక్కడే రంపంతో రెండు చెక్కలు చేశారు. కొత్త ఇంట్లో ఆ చెక్కలూ ఎక్కడా ఇమడలేదు. చివరికి అపార్ట్‌మెంటు చెత్తకుండీ పక్కన నిలబెట్టి వచ్చేశారు. "ఇప్పటికీ రైలు మాటెత్తితే మా ఆవిడ 'రంపం ఎక్కడుందండీ?' అంటుంది" అని రాశారు.

ఇప్పుడుంటున్నది రెండో అంతస్తులో అద్దె ఇల్లు. ప్రాజెక్టు ఇంకో 14 నెలలు. తర్వాత టెక్సస్ కావచ్చు, హైదరాబాదూ కావచ్చు. తొమ్మిదేళ్ల కొడుక్కి రైళ్లంటే ప్రాణం. హైవే మీద వెళ్తుంటే కనిపించే పల్లెలు, అంటే ఒక ధాన్యం ఎలివేటరు (ధాన్యం నిల్వచేసి వ్యాగన్లలోకి నింపే ఎత్తైన గోదాము), గడ్డి మొలిచిన రెండు లైన్లు, నాలుగు వ్యాగన్లు, అలాంటి ఊరొకటి కట్టి, ఇంజన్‌తో వ్యాగన్లు తీసి పెట్టాలని తండ్రీకొడుకుల కోరిక. ఆవిడ వద్దనలేదు గానీ నాలుగు షరతులు పెట్టారు: భోజనాల బల్ల ముట్టుకోకూడదు, గోడకు మేకు కొట్టకూడదు, ఇంట్లో దుమ్ము లేవకూడదు, ఈసారి ఇల్లు మారితే మన కారులోనే పట్టాలి. "ఇన్ని షరతుల మధ్య ఇది అయ్యే పనేనా, సొంతిల్లు కొనేదాకా ఆగాలా? హెచ్‌వోనా, అంతకంటే చిన్నదైన ఎన్ స్కేలా? పాత 40 అడుగుల బాక్స్‌కార్లు (మూసిన పెట్టెల్లాంటి వ్యాగన్లు), ధాన్యం మోసే హాపర్లు (అడుగు నుంచి సరుకు దించే వ్యాగన్లు) ఒకే ఊళ్లో పెట్టొచ్చా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీరు ఆ నాలుగు షరతులనూ అడ్డంకుల్లా రాశారు. పోర్టబుల్ లేఅవుట్లు కట్టి అలవాటున్నవాళ్లు పెన్సిలు పట్టగానే ముందు రాసుకునేవి సరిగ్గా ఆ నాలుగే. తన కాళ్ల మీద తాను నిలబడాలి, గోడను ఆనుకోకూడదు, కోత పని ఇంటి బయట అయిపోవాలి, ఒక మనిషి ఎత్తి కారులో పెట్టగలగాలి. మీరు ఇంకా గీత గీయలేదు, కొలతలు మాత్రం ఆవిడ ఇచ్చేశారు. వాటిని పట్టుకునే మొదలుపెడదాం.

పాత లేఅవుట్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను, ఉత్తరమంతా ఆ బాధే ఉంది కాబట్టి. అది పోయింది ఇల్లు మారడం వల్ల కాదు, దాని ఆకారం వల్ల. 8 బై 4 అనేది ప్లైవుడ్ షీటు సైజు. రైలు గుండ్రంగా తిరిగి రావాలంటే హెచ్‌వోలో 18 నుంచి 22 అంగుళాల వ్యాసార్థం ఉన్న వంపు కావాలి. వంపు రెండు వైపులా పట్టాలంటే ఆ 4 అడుగుల వెడల్పు తప్పదు. షంటింగుకి గుండ్రంగా తిరిగే పనే లేదు. అమెరికాలో స్విచింగ్ అంటారు గానీ గుంతకల్లు యార్డులో మీరు చూసిన పనే అది: ముందుకు లాగు, పాయింటు (రైలును పక్క లైనుకి మళ్లించే చోటు) మార్చు, వెనక్కి తొయ్యి, కొక్కెం విప్పు. దానికి పొడవు కావాలి, వెడల్పు 16 అంగుళాలు చాలు.

ఆగాలా అన్నదానికి: ఆగితే డబ్బు మిగులుతుందన్న లెక్క సాధారణంగా తప్పుతుంది. ఆగేవాళ్లు పట్టాలు కొనరు గానీ ఇంజన్లు కొంటూనే ఉంటారు. నాలుగేళ్ల తర్వాత అల్మారా నిండా డబ్బాలుంటాయి, నడపడానికి అడుగు లైను ఉండదు. మీ అబ్బాయికి పదమూడు వస్తాయి. అయినా ఆగడమూ ఒక దారే. 14 నెలల్లో ఇండియా ఖాయమైతే దాని విలువ పెరుగుతుంది, ఎందుకంటే విమానంలో పంపేది బల్ల కాదు, ఇంజన్లూ వ్యాగన్లే. అలాగైతే ఇప్పుడు కొనేవి అవే అయివుండాలి, బల్ల అక్కడే కట్టించుకోవచ్చు.

కట్టాలనుకుంటే మొదటి పని అట్టపెట్టెతో. 36 అంగుళాల పొడవు, 16 వెడల్పు, 14 ఎత్తు ఉండేలా పాత అట్టలు అతికించి ఒక పెట్టె చేయండి. దాన్ని ఒక్కరే పట్టుకుని గది నుంచి మెట్ల మీదుగా దిగి, కారు డిక్కీలో పెట్టి చూడండి. వెనక సీటు మడిచి ఒకసారి, మడవకుండా ఒకసారి. డిక్కీ లోపల చోటున్నా నోరు చిన్నదిగా ఉండే కార్లు చాలా ఉన్నాయి, ఎప్పుడూ నోటినే కొలవండి. 36 పట్టకపోతే 32 చేసి మళ్లీ చూడండి. ఈ పెట్టె తేల్చాకే మిగతా అంకెలన్నీ. నేను 36 పడుతుందనుకుని చెబుతాను.

వాహనాల కొలతలు గుర్తుపెట్టుకోండి. హెచ్‌వోలో 40 అడుగుల బాక్స్‌కారు కప్లర్లతో (వ్యాగన్లను కలిపే కొక్కేలతో) కలిపి 6 అంగుళాలు, 50 అడుగులది 7 అంగుళాల పైచిలుకు, జీపీ9 లాంటి నాలుగు ఇరుసుల డీజిల్ ఇంజన్ 8, కెబూస్ (మన గార్డు డబ్బా) సుమారు 5. నంబర్ 5 పాయింటు పొడవు సుమారు 9 అంగుళాలు. నంబర్ 5 అంటే 5 అంగుళాలు ముందుకెళ్తే 1 అంగుళం పక్కకు జరుగుతుందని. నంబర్ 4 ఇంకా పొట్టిది, కానీ పొడవాటి వ్యాగన్లు దాని మీద కప్లర్ల దగ్గర ఒరుసుకుంటాయి. నంబర్ 6 చూడటానికి బావుంటుంది గానీ నాలుగు పాయింట్ల ఊళ్లో అరడుగు దాకా చోటు తినేస్తుంది.

ఇక మీ ముందున్న దారులు. అన్నిటికంటే చిన్నది ఇంగిల్‌నుక్. అలన్ రైట్ అనే బ్రిటిష్ మోడలర్ పేరు మీద ప్రసిద్ధమైన పథకం. రెండే పాయింట్లు, మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు): ఒకదాంట్లో 5 వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పట్టాలి. షంటింగ్ నెక్‌లో (ఇంజన్ ముందుకూ వెనక్కీ కదిలే లైను ముక్కలో) ఇంజనూ 3 వ్యాగన్లూ పట్టాలి. మొత్తం 8 వ్యాగన్లలోంచి చీటీ తీసినట్టు 5 ఎంచి, ఆ వరుసలోనే రైలు కట్టాలి. అలా 6,720 రకాల వరుసలొస్తాయి. 40 అడుగుల వ్యాగన్లతో అయితే నెక్ 26 అంగుళాలు, పాయింటు 9, 5 వ్యాగన్ల సైడింగు ఫౌలింగ్ దూరంతో (పక్క లైను వాహనాలకు తగలకుండా పాయింటు దగ్గర వదిలే ఖాళీతో) కలిపి 34. కూడితే 69. రెండు 36 అంగుళాల బల్లలు కలిస్తే 72, హాయిగా సరిపోతుంది. మీ అబ్బాయి మొదటి రోజే ఆడేస్తాడు. లోపమేమిటంటే అది ఆట, ఊరు కాదు. రైలు ఎక్కణ్నుంచో రాదు, ఎక్కడికీ పోదు. కొన్ని నెలలకి పెద్దవాళ్లకి విసుగొస్తుంది.

రెండో దారి మీ ఉత్తరంలో ఉన్న ఊరికి దగ్గరగా ఉంటుంది. అవే రెండు బల్లలు, వాటికి తోడు కుడి చివర తగిలించే 30 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ఉన్న ఒక పలక. దాని మీద ఒకే లైను. బయటి ప్రపంచమంతా ఆ పలకే; రైలు అక్కణ్నుంచి వస్తుంది, పని ముగించుకుని అక్కడికే పోతుంది. ఎడమ అంచు నుంచి కొలుచుకుంటూ రండి. 0 నుంచి 15 అంగుళాల దాకా డెడ్ ఎండ్. 15 నుంచి 24 దాకా లూప్ (మెయిన్ లైను నుంచి విడిపోయి మళ్లీ అందులోనే కలిసే పక్క లైను) మొదటి పాయింటు. లూప్ రెండో పాయింటు 53 నుంచి 62 దాకా. ఈ రెండింటి మధ్య రెండు లైన్లు 2 అంగుళాల దూరంలో పక్కపక్కన నడుస్తాయి. ఫౌలింగ్ వదిలేస్తే నికరంగా 21 అంగుళాలు, అంటే 3 బాక్స్‌కార్లు. 62 నుంచి 72 దాకా మెయిన్ లైను, ఆ తర్వాత పలక.

ఎలివేటరు సైడింగు వెనక లైను మీద 38 నుంచి 47 మధ్య పాయింటుతో విడిపోయి కుడివైపు బల్ల చివరిదాకా పోతుంది. దాంట్లో 3 వ్యాగన్లు పడతాయి. ముందు లైను మీద 25 నుంచి 34 మధ్య ఇంకో పాయింటు పెట్టి, దాన్నుంచి ఎడమవైపుకి ఇంకో సైడింగు తీయండి. దాంట్లోనూ మూడే. దీన్ని అమెరికాలో టీమ్ ట్రాక్ అంటారు. సొంత సైడింగు లేని వ్యాపారులు లారీ తెచ్చుకుని సరుకు దించుకునే చోటు, మన పాత గూడ్సు షెడ్డు లైను లాంటిదే. కలప, ఎరువు, ట్రాక్టర్లు, ఏదైనా అక్కడికి రావచ్చు.

రెండు సైడింగులూ ఎదురెదురు దిక్కులకు తెరుచుకోవడమే ఇందులో కిటుకు. రైలు కుడినుంచి వస్తుంది, ఇంజన్ ముందుంటుంది. ఎలివేటరు వ్యాగన్లను లాక్కుంటూ పాయింటు దాటి, వెనక్కి తోస్తే పని అయిపోతుంది. టీమ్ ట్రాక్‌కి మాత్రం వ్యాగన్లు ఇంజనుకి ముందుండాలి. అందుకని వాటిని లూప్‌లో వదిలి, ఇంజన్ ఎడమ డెడ్ ఎండ్‌లోకి వెళ్లి, రెండో లైను మీదుగా చుట్టొచ్చి వెనక తగులుకోవాలి. లూప్ ఉన్నందుకు దానికి పని దొరుకుతుంది. మొదటిసారి గీసేవాళ్లు రెండు సైడింగులూ ఒకే వైపు పెట్టేసి, లూప్ ఎందుకుందో తెలియక తికమకపడతారు. ఇంకో సాధారణమైన పొరపాటు డెడ్ ఎండ్ పొట్టిగా వదలడం. ఇంజన్ 8 అంగుళాలుంటే 7 అంగుళాల తోక వదిలారనుకోండి, పాయింటు మీద ఇంజన్ నిలబడి ఊరు మొత్తం ఆగిపోతుంది. 15 ఎందుకన్నానంటే ఇంజనుతో పాటు ఒక వ్యాగన్ కూడా పడుతుంది, ఆ ఒక్క వ్యాగన్ వెసులుబాటుతో చాలా చిక్కులు విడిపోతాయి. కెబూస్ ఉంటే మాత్రం దాన్ని పలక మీదే వదిలి రండి, లూప్‌లో నాలుగో వాహనానికి చోటు లేదు.

నాలుగు పాయింట్లలో రెండు ఎడమ బల్ల మీద, రెండు కుడి బల్ల మీద ఉన్నాయి, ఏదీ 36వ అంగుళం దగ్గరి అతుకును తాకదు. లూప్‌ను ఎటైనా జరపాలనిపిస్తే జరపండి గానీ ఆ ఒక్క నియమం తప్పకండి: అతుకుకి రెండంగుళాల లోపు పాయింటు ఉండకూడదు, పట్టాలు అతుకును వీలైనంత నిటారుగా దాటాలి. కావాలని చిక్కుముడులు వేసిన పజిల్ ప్లాన్లు కూడా దొరుకుతాయి. సరదాకి బాగుంటాయి. నిజం రైల్వే మాత్రం పని కష్టం కావాలని ఎక్కడా లైను వేయదు. పల్లెటూరు పల్లెటూరిలా కనిపించాలంటే ఖాళీ నేల ఎక్కువుండాలి.

ఎన్ స్కేలు మూడో దారి. హెచ్‌వో 87వ వంతు, ఎన్ 160వ వంతు. ఇప్పుడు చెప్పిన ఊరంతా 5 అడుగుల లోపే అయిపోతుంది, రెండు బల్లలూ వెనక సీటు మీదే పడుకుంటాయి. చూడటానికీ మైదానం విశాలంగా కనిపిస్తుంది. కానీ షంటింగ్ అంటే మాటిమాటికీ కప్లర్లు విప్పడం. ఆ చిన్న కప్లర్లతో తొమ్మిదేళ్ల వేళ్లూ చత్వారం రాబోయే కళ్లూ రెండూ కష్టపడతాయి. ఎన్ వ్యాగన్ బరువు ఒక ఔన్సుకి అటూ ఇటూ, ఇంజన్ కూడా తేలికే. పట్టా మీద చిన్న మురికికే ఆగుతుంది. పరిగెత్తే రైలుకి ఎన్, మెల్లగా నడిచే రైలుకి హెచ్‌వో అని నా అభిప్రాయం. మీ ఇంట్లో చోటు మరీ కరువైతే అభిప్రాయం పక్కన పెట్టి ఎన్ తీసుకోండి.

ఇంకో దారి ఫ్రీ-మో. ఒకే ప్రమాణంతో ఎవరి మాడ్యూల్ (లేఅవుట్‌లో ఒక ముక్క) వాళ్లు కట్టుకుని, కలిసినప్పుడు వరుసగా బిగించే పద్ధతి. టెక్సస్ వెళ్లినా అక్కడి గుంపులో మీ ఊరు ఇమిడిపోతుంది. కాకపోతే మాడ్యూళ్లను కలిపి బిగించే కొస చెక్క వెడల్పు 24 అంగుళాలు, పట్టా ఎత్తు నేల నుంచి 50 అంగుళాలు. మీ డిక్కీకి మొదటిది ఇబ్బంది, మీ అబ్బాయికి రెండోది. వాడికి పీట వేయాలి.

హెచ్‌వోలో రెండు బల్లల దారి ఎంచుకుంటారనుకుని కట్టే వివరాలు చెబుతాను, ఇంగిల్‌నుక్‌కీ ఇవే పనికొస్తాయి. చుట్టూ ఫ్రేముకి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 4 అంగుళాల వెడల్పు పట్టీలు. పైన 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద 1 అంగుళం గట్టి ఫోమ్ (ఇళ్ల గోడలకి వాడే గులాబీ లేదా నీలం రంగు ఎక్స్‌పీఎస్). ప్లైవుడ్ కొన్న చోటే కొలతలిచ్చి కోయించుకోండి, మూడో షరతులో సగం అక్కడే తీరిపోతుంది. ఫోమ్‌ను రంపంతో కోయకండి, ఆ పొడంతా స్టాటిక్‌తో సోఫాలకి అంటుకుంటుంది. పొడవు బ్లేడు కత్తితో సగం లోతు గీత గీసి విరవండి. వేడి తీగ కట్టరు పొగ అపార్ట్‌మెంట్లో వద్దు. జిగురు మీద ఫోముకి పనికొస్తుందని రాసి ఉండాలి. సాల్వెంటు జిగురు ఫోమును కరిగించి గుంత పెడుతుంది. తెల్ల జిగురు రెండు ఫోము పొరల మధ్య గాలి తగలక వారమైనా ఆరదు. ఫోమ్ మీద నేరుగా పట్టా వేస్తే డప్పులా మోగుతుంది, మధ్యలో కార్క్ పట్టీ వేయండి. దృశ్యమంతా అయ్యాక కూడా ఒక్కో బల్ల 12 పౌండ్లు దాటకుండా చూసుకోండి. ఆ బరువైతే ఒక చేత్తో బల్ల, ఇంకో చేత్తో తలుపు.

ఇక అతుకు. మిగతా ఎక్కడ అశ్రద్ధ చేసినా సర్దుకోవచ్చు, ఇక్కడ కుదరదు. ఎదురెదురుగా వచ్చే రెండు ఫ్రేము చెక్కలను పెయింటు వేయకముందే ఒకదానిమీద ఒకటి పెట్టి క్లాంపు బిగించి, రెండింటికీ ఒకేసారి రంధ్రాలు వేయండి. రెండు రంధ్రాలు డోవెల్ పిన్నులకి, రెండు పావు అంగుళం బోల్టులకి. స్థానం కుదిర్చేది పిన్ను, పట్టి ఉంచేది బోల్టు. ఒక్క బోల్టులతోనే సరిపెడితే ప్రతిసారీ అర మిల్లీమీటరు అటో ఇటో పోతుంది, ఆ అర మిల్లీమీటరు చాలు చక్రం ఎక్కి పడటానికి.

రెండు బల్లలూ బిగించాక, ప్రతి పట్టా దాటే చోట అంచుకి అర అంగుళం లోపల రెండు వైపులా ఒక్కో చిన్న ఇత్తడి స్క్రూ దిగ్గొట్టండి. ఫోములోకి కాదు, కింద చెక్కలోకి. అందుకే అతుకు దగ్గర రెండంగుళాల మేర ఫోముకి బదులు చెక్క ముక్క అతికించి ఉండాలి. స్క్రూ తలలు పట్టా అడుగుకి సరిగ్గా తగిలే ఎత్తులో ఉండాలి. ఎక్కువైతే ఆకురాయితో రాయండి, తక్కువైతే పావు తిప్పు వెనక్కి తిప్పండి. ఫ్లెక్స్ ట్రాక్‌ను (వంచగలిగే పొడవాటి పట్టాను) అతుకు మీదుగా ముక్క చేయకుండా పరిచి, అక్కడి ప్లాస్టిక్ స్లీపర్లు తీసేసి, పట్టాను స్క్రూ తలకి సోల్డర్ చేయండి. స్క్రూ తల ముందే గరుకు చేసి టిన్ పూసి ఉంచితే సోల్డర్ క్షణంలో పారుతుంది. లేదంటే ఇత్తడి వేడి లాక్కుంటూ ఉండగా పక్క స్లీపర్లు కరుగుతాయి, పక్కన తడి దూది పెట్టుకోండి. అంతా చల్లారాక సన్నపళ్ల రంపంతో పట్టాను అతుకు గీత మీదే కోయండి. (ఈ రంపం సంగతి ఆవిడకి ముందే చెప్పండి.) కోత మందమే ఖాళీ, అంతకు మించి ఉండదు. బల్లలు విడదీసి పదిసార్లు కలిపినా పట్టా కొసలు కదలవు. బల్ల దించినప్పుడు ఆ కొసలు చొక్కాకి తగులుకుని లేచిపోతాయి కాబట్టి మోసుకెళ్లేటప్పుడు అంచుకి ఒక ప్లైవుడ్ రెక్క బిగించండి. ఆ రెక్కలే 14 అంగుళాల ఎత్తులో కోసుకుంటే రెండు బల్లలనూ ముఖాముఖి పెట్టి ఒకే పెట్టెగా బిగించవచ్చు.

ఆ పెట్టెలో ఎలివేటరు పట్టదు. పల్లె ఎలివేటరు 80 అడుగులుంటే హెచ్‌వోలో 11 అంగుళాలు. దాన్ని బల్లకి అతికించకుండా అడుగున రెండు అయస్కాంతాలు పెట్టి, విడిగా చెప్పుల డబ్బాలో తీసుకెళ్లండి.

కరెంటు విషయంలో ఎక్కువ ఆలోచించకండి. ఒక ఇంజన్ నడిచే ఊరికి మామూలు డీసీ కంట్రోలరు చాలు. రెండు ఇంజన్లు కావాలన్నా, హారన్ శబ్దం కావాలన్నా డీసీసీ (పట్టాల ద్వారా ఒక్కో ఇంజనుకీ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి). అది తీసుకుంటే ఖర్చు పెరుగుతుంది, వైరింగ్ మాత్రం ఇంచుమించు ఒకటే. ప్రతి పట్టా ముక్కకీ 22 గేజి వైరు సోల్డర్ చేసి కింద 18 గేజి లైనుకి కలపండి. పట్టాల మధ్య జాయినర్ల మీద కరెంటుని నమ్ముకోవద్దు, మోసే లేఅవుట్లో అవి ఏడాదిలో వదులవుతాయి. బల్లల మధ్య కనెక్షనుకి కారు ట్రైలర్ లైట్ల 4 పిన్నుల కనెక్టరు చవక, తిరగేసి పెట్టడం కుదరదు. పాయింటులో పట్టాలు కలిసే ఫ్రాగ్‌కి కరెంటు అందేలా వైరు చేయండి. షంటింగ్ ఇంజన్ నత్తలా నడుస్తుంది కాబట్టి కరెంటు లేని అంగుళం మీదే సరిగ్గా ఆగి కూర్చుంటుంది. పాయింటు మోటార్లు వద్దు. స్ప్రింగున్న పీకో కంపెనీ పాయింట్లు వేలితో నెడితే అటో ఇటో టక్కున నిలుస్తాయి. చేతికందే దూరంలోనే అన్నీ ఉన్నాయి. హైదరాబాద్ వెళ్లే అవకాశం ఉంది కదా, పవర్ అడాప్టరు మీద 100-240 వోల్టులని ఉందో లేదో కొనేముందే చదవండి. 120 అని మాత్రమే ఉన్నది అక్కడ పెట్టగానే మాడిపోతుంది.

వ్యాగన్లన్నిటికీ ఒకే రకం లోహపు కప్లర్లు వేసి, ఎత్తు గేజితో సరిచూడండి. ఒక్కటి కిందకి వాలినా తోసినప్పుడు విడిపోతుంది, తప్పు పట్టాలదనుకుని వారం వెతుకుతారు. విప్పడానికి వెదురు పుల్ల చాలు, కబాబుల పుల్ల కొస కొంచెం చదును చేస్తే సరి. బరువుకి ఎన్ఎంఆర్ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) సిఫారసు ఉంది: హెచ్‌వోలో 1 ఔన్సు, పైన ప్రతి అంగుళం పొడవుకీ అర ఔన్సు. 40 అడుగుల బాక్స్‌కారుకి దాదాపు మూడుముప్పావు ఔన్సులు. ఖాళీ ప్లాస్టిక్ వ్యాగన్లు దీనికి తక్కువే తూగుతాయి, తోస్తే పాయింటు మీద పక్కకి దూకుతాయి. లోపల నట్లు అతికించండి.

నిలబెట్టడానికి మడత కాళ్లు, లేదా ఇంట్లో ఇప్పటికే ఉన్న ఒకే ఎత్తు పుస్తకాల ర్యాకులు రెండు. గోడకు మేకక్కర్లేదు, భోజనాల బల్లతో పనిలేదు. తొమ్మిదేళ్లవాడికి 40 అంగుళాల ఎత్తు బాగుంటుంది. కాళ్ల అడుగున తిప్పి ఎత్తు సరిచేసే బోల్టులుండాలి. ఏ ఇంటి నేలా సమంగా ఉండదు, నేల వాలితే మంచి చక్రాలున్న వ్యాగన్లు సైడింగులోంచి వాటంతటవే నడుచుకుంటూ వచ్చేస్తాయి. బోల్టుతో సరిచేశాక కూడా కదిలితే పాత టూత్‌బ్రష్ పోగులు నాలుగు పట్టాల మధ్య గుచ్చి, ఇరుసుకి మాత్రం ఆనేలా కత్తిరించండి. కనబడవు, పట్టి ఉంచుతాయి.

దృశ్యానికి ప్లాస్టరు వాడకండి. బరువు, పైగా కారు కుదుపులకి పగిలి దుమ్మవుతుంది. మీ ఊరు మైదానమే కాబట్టి ఫోమ్ మీద మట్టిరంగు గోడ పెయింటు మందంగా పూసి, తడిమీదే జల్లెడ పట్టిన మట్టి, గడ్డి పొడి చల్లితే చాలు. కంకర అతికించే జిగురు నీళ్లు పాయింటు నాలుకల దగ్గరికి పోనివ్వకండి. ఒక్క చుక్క స్ప్రింగులోకి దిగితే ఆ పాయింటు పీకేయాల్సిందే.

చివరిగా వ్యాగన్ల ప్రశ్న. పల్లెల చిన్న ఎలివేటర్లు చాలాకాలం 40 అడుగుల బాక్స్‌కార్లలోనే ధాన్యం నింపేవి, తలుపు లోపల చెక్కో కాగితపు అట్టో అడ్డం కొట్టి. 1960ల నుంచి కవర్డ్ హాపర్లు వాటి చోటు తీసుకుంటూ వచ్చాయి. సన్నటి పాత పట్టాలు బరువైన హాపర్లను మోయలేని బ్రాంచి లైన్లలో మాత్రం 1970లలో కూడా బాక్స్‌కార్లు తిరిగాయి. కాబట్టి 70ల మధ్యలో ఒక సంవత్సరం ఎంచుకుంటే రెండూ ఒకే ఊళ్లో న్యాయంగా ఉంటాయి. ఆ కాలం క్యాన్సస్‌లో రాక్ ఐలండ్ రైల్వే కూడా తిరిగేది, 1980 మార్చి 31తో అది మూతపడింది. ఇప్పటి కాలం పెట్టాలంటే ధాన్యం వదిలేయండి. ఇప్పుడు పెద్ద ఎలివేటర్లు ఒకేసారి నూరు పైచిలుకు హాపర్లున్న రైలు నింపుతాయి, రెండు బల్లల మీద అది కుదరదు. ఎరువు, ప్రొపేన్, కలప తెచ్చే చిన్న షార్ట్‌లైను (కొద్ది దూరమే నడిచే స్థానిక రైల్వే) అయితే బాగుంటుంది, దానికి కెబూస్ కూడా అక్కర్లేదు. 70లే అనుకుంటే ఒక సంగతి: అప్పట్లో వేలల్లో కట్టిన 4,750 ఘనపుటడుగుల హాపరు హెచ్‌వోలో 8 అంగుళాలకు పైనే ఉంటుంది. ఎలివేటరు సైడింగు 21 అంగుళాలు, అందులో అవి రెండే పడతాయి. మూడోదానికి బాక్స్‌కారు చోటు కూడా మిగలదు. కాబట్టి హాపర్లు రెండు కొని ఆపండి.